వేరు కొఱకు మఱచిన పూవు

విశాఖపట్టణమునుండి అరకునకు పోవు బాటలో, వరిమళ్ళును మామిడితోటలును వెనుకబడి, తూర్పుకనుమల నీలిగోడ కన్నులకెదురుగా లేచి నిలుచు చోట శృంగవరపుకోట యున్నది. చదువుకొన్నవారు దీనిని ఎస్.కోట యందురు, చుట్టుప్రక్కల పల్లెలవారికి ఒట్టి కోట యన్నను చాలును. ఊరికి చేరువనే పుణ్యగిరి కలదు. ఆ కొండచరియనుండి ఏడాది పొడవున జాలువారు ధారలో తలతడుపుకొని శివుని దర్శించుటకు మహాశివరాత్రినాడు వేలకొలది జనము చేరుదురు. అచ్చటినుండి బొడ్డవర, కాశీపట్నము, త్యాడ, డముకు, అనంతగిరి అను ఊళ్ళు ఒకదానికంటె నొకటి ఎత్తుగా వరుసదీరి, గాలికొండ చేరునప్పటికి బాటసారి సముద్రమట్టమునకు నాలుగువేల అడుగులు దాటి యుండును. క్రింద ఉక్కపోతతో చెమర్చిన దేహము పైన పొగమంచునకు వణకును. ఇంత కొద్దిదూరములో ఇన్ని విధములైన గాలి, నేల, నీడ మాఱుటవలననే ఈ కొండలలో మైదానపు మనుష్యుడు చూడని మొక్కలు, పూవులు లెక్కకు మిక్కిలిగా పుట్టినవి.

ఈ కొండలకు శీతకాలమున యాత్రికులు కొల్లలుగా పోవుచున్నారు. వారు చూడబోవునది వలిసెపూవుల పసుపు, చూడదగినదే. కాని వలిసె చేలో విత్తిన పంట, నూనెగింజ. దాని పుట్టినిల్లు ఆఫ్రికాఖండమున అబిసీనియా దేశము. ఈ కొండల నీడలో తనంతట తాను మొలచి, ఎవరును విత్తకుండ, ఎవరును నీరుపోయకుండ పూచి, ఎవరి కంటను పడకుండ రాలిపోవు వేఱొక పూవు కలదు. దానిని కన్నవారు తక్కువ. దాని వేరును వాడినవారు ప్రపంచమంతట లక్షలమంది యున్నారు. అదియే పాతాళగంధి. సంస్కృతమున సర్పగంధ, నాకులి, చంద్రిక యని దానికి పేరులు. కొందఱు పాతాళగరుడి యనియు నందురు కాని, ఆ పేరు దూసరితీగకును చెల్లుచున్నందున చిక్కు కలిగించును. అది హిమాలయపు పాదములనుండి సింహళమువఱకు, బర్మానుండి యవద్వీపమువఱకు వ్యాపించిన మొక్కయే యైనను, ఎక్కడను గుంపుగా పెరుగదు. ఒక్కొక్క కొండలో ఒక్కొక్క చెమ్మగల చరియను ఆశ్రయించి, అచ్చట నాలుగు, ఇచ్చట రెండుగా బ్రతుకును. కావున ఒక చరియలో అది పోయినదన్న, ఆ చరియకు మఱల వచ్చుట దుర్లభము.

మొక్క సాధారణముగా మోకాలెత్తునకు మించదు. కొమ్మలు విరివిగా వేయదు. కణుపుకణుపున మూడేసి ఆకులు చుట్టుగా నిలుచును. పైభాగము నిగనిగలాడు పచ్చన, అడుగుభాగము వెలవెల. వేసవి ముదిరి తొలకరి దగ్గఱపడు దినములలో కొననుండి ఒక కాడ వెలువడి, దాని చివర పగడపు రంగు తొడిమలతో మొగ్గల గుత్తి కట్టును. మొగ్గ గులాబివన్నె, విచ్చినపిదప ఐదు తెల్లని రేకులు. రేకులకు క్రింద సన్నని గొట్టము, నడిమికి కొంచెము పైని చిన్న ఉబ్బు. దగ్గఱగా కూర్చుండి చూచినగాని ఈ గొట్టపు ఎఱుపునకును రేకుల తెలుపునకును గల సంధి తెలియదు. పూవు రాలినను తొడిమ ఎఱుపు వీడదు. అందుచే సగము రాలిన గుత్తి సైతము పూచినట్లే కనబడును. పిదప జంటగా కాయలు పుట్టి, మొదట పచ్చనై, పండి నేరేడు నలుపున మెఱయును. కార్తీకము దాటి చలి హెచ్చగనే ఆకు రాల్చి, మొక్క నేలపై లేనట్లే యగును. ప్రాణమంతయు వేరులోనికి దిగును. ఆ వేరు వంకరలు తిరిగి, మూరెడు లోతునకు దిగి, పైని బూడిదపసుపు బెరడుతో, లోన తెల్లని దారువుతో నుండును. నాలుకపై నుంచుకొన్న చేదు చాలసేపు వదలదు. గన్నేరు, బిళ్ళగన్నేరు ఏ కుటుంబమువో ఇదియు ఆ కుటుంబమునకు చెందినదే.

మన పెద్దలు ఈ పూవును గూర్చి పద్యము చెప్పలేదు. మొల్లకును, మొగలికిని, సంపెంగకును దక్కిన కవిత్వము దీనికి దక్కలేదు. దీని స్థానము నిఘంటువులలో, ఓషధివర్గములో. నాకులి యను పేరు నకులమునుబట్టి వచ్చినది. ముంగి పాముతో పోరుటకు ముందు ఈ ఆకు నమలి పోవునను కథ దేశమంతట కలదు. ఈ కథ దేశపు ఎల్లలు దాటిన తీరు ఆలోచింపదగినది. 1563లో గోవాయందు తన ఓషధిసంభాషణములను ముద్రించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా పాముకఱ్ఱల ప్రసంగమున దీనిని తెచ్చెను. పిమ్మట నూఱేండ్లకు అంబోయినా ద్వీపమున కాపురముండి, కన్నులు పోయినను గ్రంథరచన మానని డచ్చివారి రుంఫియసు, దీనికి ముంగివేరను అర్థముగల లాటిను పేరే పెట్టెను. గోవాలోనో, అంబోయినాలోనో విన్న ఈ మాట మన కొండలలోను పాములవాని నోట వినబడెడిదే. ఏ గ్రంథమును చదువనివారి నోళ్ళమీదుగా ఒక ఓషధికథ సముద్రములు దాటిపోయినదన్నమాట.

ఇక మన ఉత్తరసర్కారుల సంగతికి వత్తము. 1781 ప్రాంతమున విశాఖపట్టణపు ఈస్టిండియా కుంఫిణీ కొలువునకు క్లాడు రస్సెల్ అధికారిగా వచ్చినపుడు, అతని వెంట అన్నగారు పాట్రిక్ రస్సెల్ కూడ వచ్చెను. ఈ పాట్రిక్ సామాన్యుడు కాడు. ఎడింబరో నగరమున వైద్యము చదివి, సిరియాదేశపు అలెప్పో పట్టణమున ఇరువది యేండ్లపాటు వైద్యుడై, మహామారి చెలరేగినపుడు ఊరు విడువక రోగులను చూచినవాడు. ఏబదియేండ్లు దాటిన వయసున విశాఖకు చేరి, ఊరకుండలేక, పాములను, చేపలను, మొక్కలను ప్రోగుచేసి, వాని తెలుగు పేళ్ళను పామరులనడిగి వ్రాసికొనెను. 1785లో, కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించగా, కుంఫిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి రస్సెలునకు లభించెను. అతడు 1796లో అచ్చువేసిన పాముల గ్రంథమున కాటుకరేకులపొడ వంటి అచ్చపు తెలుగు పేళ్ళు ఆంగ్లలిపిలో కూర్చుండియున్నవి. మన బంగారుపాము పేరే నేటికిని కట్లపాముల జాతికి ప్రపంచమంతట శాస్త్రనామమై చెల్లుచున్నది. మన రక్తపింజరకు రస్సెల్ పేరు స్థిరపడినది. పాముకాటునకు విఱుగుడని ఆనాడు ప్రసిద్ధిగాంచిన తంజావూరు మాత్రలను అతడు కోళ్ళమీదను కుక్కలమీదను పరీక్షించి చూచెను. అందు పాషాణము కలదని తేలెను. విన్నదానిని నమ్ముటకు ముందు పరీక్షించుట యను ఆ అలవాటునే నేను ఆయనయందు అన్నిటికంటె మిన్నగా గౌరవింతును.

రస్సెలునకు పిమ్మట ఆ పదవి విలియం రాక్స్‌బరోకు వచ్చెను. ఇతడు 1781నుండి 1793వఱకు సామర్లకోటలో నుండి, కుంఫిణీ తోట పెంచి, మిరియము, నీలి, పట్టుపురుగు మున్నగువానిని పరీక్షించుచు, సర్కారు కొండలనుండి మొక్కలు తెప్పించి, దేశీయులైన చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను. 1787నాటి పెనుతుపానులో సముద్రము పొంగి కోరంగిని ముంచినపుడు అతని పుస్తకములు, వ్రాతలు కొట్టుకొనిపోయినవి. అతడు మఱల మొదటినుండి ప్రారంభించెను. 1795 మొదలు లండనులో వెలువడిన కోరమండలు తీరపు మొక్కల గ్రంథమునకు, మూడు సంపుటములలో మూడువందల చిత్రములకు, ఆ సామర్లకోట కృషియే పునాది. దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెలే. బొమ్మలు వ్రాసిన తెలుగు చేతుల పేళ్ళు మాత్రము ఆ పుటలలో కానరావు. రాక్స్‌బరో కలకత్తాకు పోయిన తరువాత వ్రాయించిన బొమ్మలతో కలిపి రెండున్నరవేలకు పైబడిన చిత్రములున్నవి. ఆకు ఈనె వంపును, పూవు గొట్టపు ఉబ్బును ఇంత శ్రద్ధతో చూచిన ఆ చేతులు ఎవరివో తెలిసికొనవలెనను ఆరాటము, వానిని చూచినవానికి కలుగకమానదు.

రాక్స్‌బరో మరణానంతరము, 1832లో శ్రీరాంపురమున విలియం కేరీ ముద్రించిన ఇండియా వృక్షగ్రంథమున మన పాతాళగంధి తెలుగు పేరుతో సహా చోటు చేసికొన్నది. అచ్చట అతడు తెలుగు వైద్యుల పేరెత్తి, వారు ఈ వేరును మూడు పనులకు వాడుచున్నారని వ్రాసెను: జ్వరమునకు లోనికిచ్చుట, విషజంతువుల కాటునకు ఇచ్చుట, ప్రసవము ఆలస్యమై కష్టమగునపుడు ఇచ్చుట. ఇది చిన్నమాటగా కనబడును. కాని ఈ మొక్క చరిత్రలో ఇంతకంటె విలువైన సాక్ష్యము తెలుగుదేశమునకు వేఱొకటి లేదని నా నమ్మకము. ఏలయన, అంతకుముందు ఐరోపావారు వ్రాసినది చాలవఱకు ముంగి కథ, పాముల కథ. ఇచ్చట మాత్రము ఒక ప్రాంతపు వైద్యులు, వారు ఏయే రోగమునకు వాడుదురో, ఎట్లు వాడుదురో ఒక శాస్త్రజ్ఞుడు తన కన్నుల యెదుట చూచినట్లు నమోదు చేసినాడు. కొండల పాదమున వసించు జనమునకు జ్వరమే ప్రథమశత్రువు. మన్యపు జ్వరమనగా మైదానపువారికి గుండె జల్లుమనెడిది. వానకాలమున కొండ యెక్కుటకు తహశ్శీలుదారులు, పోలీసులు సైతము వెనుదీసెడివారు. అట్టి చోట చేదువేరును జ్వరమునకు వాడుట సహజమే. కాటు మాటకు వచ్చినచో, ఈ వేరు విషమును విఱుచునని నేటి శాస్త్రము ఒప్పుకొనదు. పాము కఱచినవానిని వెంటనే ఆసుపత్రికి చేర్చుటయే దారి. కాని ప్రాణభయముచే గుండె దడదడలాడువానిని ఈ వేరు నెమ్మదింపజేయునన్నమాట నిజము. బహుశః ఆ నెమ్మదియే అనేకులకు విఱుగుడుగా తోచి యుండును.

లిన్నేయసు 1753లో దీనికి పాముకఱ్ఱ యను అర్థమునిచ్చు గ్రీకుపేరు పెట్టెను. తరువాత అది మాఱి, 1703లో ప్లూమియే యను ఫ్రెంచి సన్యాసి అమెరికా మొక్కలకు పెట్టిన జాతినామముక్రిందికి వచ్చి, రావుల్ఫియా సెర్పెంటీనా యైనది. ఈ రావుల్ఫుడెవరు? జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు నగరపు వైద్యుడు. ఓషధులను వెదకుచు 1573లో అలెప్పో చేరి, బాగ్దాదువఱకు పోయి మఱలినవాడు. భారతదేశమును చూడలేదు, ఈ పూవును ఎఱుగడు. అతని పేరు ఈ పూవునకు తగులుట కేవలము యాదృచ్ఛికము. ఐనను రెండు సంగతులు నన్ను వదలవు. ఒకటి, రావుల్ఫుడు మొక్కలు ఏఱిన అలెప్పోయందే రెండువందల యేండ్ల తరువాత వైద్యము చేసి, పిమ్మట విశాఖకు వచ్చినవాడు మన పాట్రిక్ రస్సెల్. రెండవది, 1582లో అచ్చైన తన యాత్రాగ్రంథమున, అలెప్పో జనులు ఉదయమున వేడివేడిగా త్రాగు సిరావంటి నల్లని పానీయమును వర్ణించి, కాఫీ సంగతి ఐరోపావారికి మొట్టమొదట అచ్చులో తెలిపినవాడు ఈ రావుల్ఫుడే. నేడు అనంతగిరి చరియలలో, సిల్వరు ఓకు చెట్ల నీడన, మిరియపు తీగల నడుమ కాఫీ పండుచున్నది. అదే చరియలలో రావుల్ఫుని పేరుగల పూవు సందుదొరికిన చోట తలయెత్తుచున్నది. కాఫీతోట కొఱకు అడుగుపొదలు నఱకినప్పుడు మొదట పోవునదియు అదియే.

ఇరువదవ శతాబ్దమున ఈ మొక్క భాగ్యము మాఱెను. 1931లో కలకత్తాయందు గణనాథసేనుడును, కార్తికచంద్ర బోసును కలసి, ఈ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. బీహారు పల్లెలలో దీనిని పిచ్చివాండ్ర మూలికయని తరతరములుగా పిలుచుచున్నారు. పిచ్చిపట్టినవారికి నిదురపట్టించుటకు వాడుచునేయున్నారు. అదే యేట ఢిల్లీయందు సలీముజ్జమాన్ సిద్దీకీ ఈ వేరునుండి ఐదు క్షారసత్త్వములను విడదీసి, తనకు ఆశ్రయమిచ్చిన హకీం అజ్మల్‌ఖాను పేరు కలియునట్లు ఒకదానికి అజ్మలీను అని పేరిడెను. కర్నల్ రామనాథ చోప్రా కలకత్తా ఉష్ణమండల వైద్యపాఠశాలలో పరీక్షలు సాగించెను. 1934లో హిమాలయ కంపెనీవారు సెర్పినా పేర ఈ వేరుబిళ్ళను అమ్మకమునకు తెచ్చిరి. ఇంత జరిగినను పాశ్చాత్యులు పెడచెవిని పెట్టిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు, ఏబదిమంది రోగుల అనుభవమును ఒక బ్రిటిషు హృద్రోగపత్రికలో ప్రకటించిన తరువాతనే వారు చెవియొగ్గిరి.

అటుపై వేగము చెప్పనలవి కాదు. 1952లో స్విట్జర్లాండులోని బాసెలు నగరమున సీబా కంపెనీ రసాయనజ్ఞులు ఈ వేరునుండి రెసర్పీను అను సత్త్వమును విడదీసిరి. 1954లో న్యూయార్కు రాష్ట్రమున నాథను క్లైను దానిని మానసికరోగులకిచ్చి, గొలుసులు కట్టి గదులలో వేయవలసినవారు నెమ్మదించి మాటాడుట చూచెను. 1956లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వుడ్‌వర్డు ఆ సత్త్వమును ప్రయోగశాలలోనే కట్టి, రసాయనశాస్త్రమునకు కలకాలము చెప్పుకొనదగిన ఘనత తెచ్చెను. స్వీడను దేశపు కార్ల్‌సన్ ఈ రెసర్పీనును కుందేళ్ళకు ఎక్కించి, అవి కదలలేక కూలబడగా, ఎల్-డోపా అను పదార్థముచే వానిని లేవనెత్తెను; మెదడులో డోపమీను పని ఏమో లోకమునకు తెలిసినది అప్పుడే. వణకురోగమునకు నేడు ఇచ్చు మందు ఆ పరిశోధననుండి పుట్టినది. 2000లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. సామర్లకోటలో తెలుగు వైద్యుల నోట రాక్స్‌బరో విన్న మొక్క మానవుని మెదడు రహస్యమునకు ఒక తలుపు తెఱచినదని చెప్పుట అతిశయోక్తి కాదు. కొలది రోగులలో రెసర్పీను తీవ్రమైన మనఃక్రుంగుబాటు కలిగించుటయు, వేఱు క్రొత్తమందులు వచ్చుటయు కలసి దాని వాడుకను తర్వాతి దశాబ్దములలో తగ్గించినవి.

కాని ఆ కొలది దశాబ్దములు అడవికి చాలినవి. కిలో ఎండువేరునుండి తీయగల రెసర్పీను ఇంచుమించు ఒక గ్రాము మాత్రమే. వుడ్‌వర్డు కట్టిన దారి విద్వత్తునకు గొప్పదే యైనను, అడవిలో త్రవ్విన వేరునుండి తీయుటయే కంపెనీలకు చౌక. కనుక భారతదేశపు అడవులలో పలుగుపోటు మొదలైనది. ఆకు కోసిన మొక్క మఱల చిగిర్చును. పూవు త్రుంచిన మొక్క మఱల పూచును. వేరు పెఱికిన మొక్కకు మఱుజన్మ లేదు. వెలగల భాగము వేరే యగుట ఈ పూవు దౌర్భాగ్యము. వేరు కొనువాడు పూవును చూడనక్కఱ లేదు; చూచినను, పూచిన మొక్క ఎక్కడ నున్నదో గుర్తుపట్టుట కొఱకే చూచును.

మన్యమునకు బాట పడిన తీరును దీనితో కలిపి చూడవలెను. కోట సంతకు కొండదొరలు, వాల్మీకులు, బగతలు, గదబలు చింతపండు, పసుపు, అల్లము, పిప్పళ్ళు, తేనె, అడ్డాకులు కావళ్ళతో దింపి, ఉప్పు, ఎండుచేపలు, బట్ట పైకి మోసికొని పోవుట అనాదిగా నడచిన వ్యాపారము. దానిలో తూకము ఎవరిదో, లెక్క ఎవరిదో, అప్పు ఎవరిదో వేఱుగా చెప్పనక్కఱ లేదు. మన్యపు భూములు సాహుకార్ల పాలగుచున్నవని గ్రహించియే మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజన్సీ ప్రాంతపు వడ్డీ, భూబదలాయింపుల చట్టము చేసెను. 1956లో గిరిజనుల సరకు కొనుటకు విశాఖ కేంద్రముగా సహకారసంస్థ వెలసినది. అదియే నేటి గిరిజన సహకార సంస్థ. 1960 దశకమున బైలదిల ఇనుపఖనిజమును జపానుకు పంపుటకై కొత్తవలసనుండి కోట మీదుగా కిరండూలువఱకు రైలుమార్గము వేసిరి. దాదాపు వేయి మీటర్ల ఎత్తున నున్న శిమిలిగుడ, దేశమునందలి బ్రాడ్‌గేజి స్టేషనులలో ఎత్తైనదిగా చాలకాలము పేరుపొందినది. కొండలు తొలిచి గుహలు చేసిన ఆ మార్గమున అడవి లోపలికి వెలుగు వచ్చినది. వెలుగు వచ్చిన చోట నీడమొక్క నిలువదు. పోడు చక్రము పూర్వము దీర్ఘముగా నుండి, నఱికిన చరియ మఱల అడవియగు వఱకు ఆగెడిది. జనము పెరిగి, భూమి తఱిగి, ఆ గడువు కుఱచబడినది. రైతును తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కడుపు నిండుటకు కొండ తప్ప వేఱుదిక్కు లేనివానికి గడువు పెంచుమని చెప్పు అధికారము కడుపునిండినవానికి లేదు.

ఈ కొండల మట్టిక్రింద బాక్సైటు ఉన్నదని తెలిసినది మొదలు మఱియొక కలవరము. గాలికొండ, రక్తకొండ నెత్తిన పఱచుకొన్న ఆ రాతిపొరయే వాననీటిని పట్టియుంచి ఊటలుగా విడుచుచుండును. ఆ ఊటల చెమ్మనే నమ్ముకొని చరియలలో పాతాళగంధివంటివి బ్రతుకుచున్నవి. అనంతగిరి మండలమున బొర్రా పరిసరగ్రామముల గనుల కౌళ్ళపై నడచిన సమత వ్యాజ్యమున 1997 జూలై 11న సర్వోన్నతన్యాయస్థానమిచ్చిన తీర్పు, షెడ్యూలు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనులకై కౌలునకిచ్చుట చెల్లదని చెప్పి, దేశమంతటి మన్యములకు రక్షయైనది. ఆ తీర్పులో పూవుల మాట రాలేదు, రావలసిన పనియు లేదు. కాని నేల నిలిచినప్పుడే దానిమీది పూవు నిలుచును.

అడవిలో పాతాళగంధి తఱిగిపోవుట గమనించి భారతప్రభుత్వము వేరు ఎగుమతికి కట్టుబాట్లు పెట్టినది. 1990లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒడంబడిక రెండవ అనుబంధమున ఈ మొక్క చేరినది; నాటినుండి అనుమతిపత్రము లేక సరకు దేశపుటెల్ల దాటరాదు. దక్షిణభారతమున అంతరించు ప్రమాదమున్న ఓషధులలో దీనిని లెక్కింతురు. దొంగవ్యాపారము మాత్రము ఆగలేదు. దానితోపాటు కల్తీయు పెరిగినది. అమెరికా ఖండమునుండి వచ్చి మన కాలువగట్లమీద అడ్డూ ఆపు లేక పెరుగుచున్న దీని దాయాదిమొక్క యొకటి కలదు. నాలుగేసి ఆకుల చుట్టు దాని గుఱుతు. దాని వేరును సర్పగంధయని అమ్ముచున్నారు. అసలుది అరుదైన కొలది నకిలీకి గిరాకి హెచ్చును.

సాగు చేయరాదా యని ఎవరైన అడుగుదురు. చేయవచ్చును, ఇండోరు వ్యవసాయకళాశాలవారు ఆర్.ఎస్.1 అను రకమును విడుదల చేసి చాలకాలమైనది. చిక్కంతయు గింజయందున్నది. పండు లోపలి గింజకు రాయివంటి పెంకు. అందు సగమునకు పైగా పొల్లు. పండిన వెంటనే నాటక కొన్నినెలలు దాచినచో మొలకెత్తు శక్తి చాలవఱకు పోవును. నూఱు గింజలు చల్లిన రైతు పాతికమొక్కలు చూచిన అదృష్టవంతుడే. కనుక వేరుముక్కలను తొలకరిలో నాటి పెంచుటయు వాడుకలో నున్నది. నాటిన పదునెనిమిది నెలలకు గాని త్రవ్వదగిన వేరు కట్టదు. మూడేండ్లు ఆగినచో మేలు. వరిచేను నాలుగు నెలలలో చేతికి వచ్చుచుండగా, ఏడాదిన్నర ఆగుటకు చిన్నరైతునకు ధైర్యము చాలదు. కొనువాడు ముందుగా ధర కట్టి వ్రాసియిచ్చినగాని ఈ సాగు నిలువదు.

అడవివేరు విషయమున ఒక్కమాట చెప్పవలసియున్నది. ఈ వేరున సత్త్వమంతయు ఇంచుమించు బెరడులోనే యుండును. అది ముదురునది ఆకు రాలిన చలిదినములలో. పండు పండి రాలునది దానికి ముందే. అనగా మంచి సరకు కావలెనన్న పుష్యమాసమువఱకు ఆగవలెను. ఆగినచో గింజ నేలపాలై తనవంతు చేసికొనును. వైద్యునకు కావలసినదియు, మొక్కకు కావలసినదియు ఇచ్చట ఒకే నెలలో కలియుచున్నవి. త్రవ్వువాడు తొందరపడుట పండుటకు ముందు ఇంకొకడు త్రవ్వుకొనిపోవునను భయముచేత. ఆకులు రాలినపిదప మొక్క జాడ దొరకదను భయముచేత. కొనువారు పుష్యమునకు ముందు తెచ్చిన వేరును తక్కెడలో వేయము అని గట్టిగా నిలిచినచో ఈ భయములలో మొదటిది తీఱును. ఆకులున్నపుడే మొక్కప్రక్కన కొయ్యగుఱుతు పాతుకొన్నచో రెండవదియు తీఱును. కాశీపట్నపు సంతలో, అనంతగిరి సంతలో కొనుగోలు బల్లలు ఇప్పటికే ఉన్నవి. అచ్చట కూర్చుండువారికి పచ్చికాడ తగిలిన వేరేదో, ఎండుకాడ తగిలిన వేరేదో చూచిన వెంటనే తెలియును.